పొగ రాని బొగ్గు

కబాబులు కాల్చుకోవడానికి వెల్డింగ్ పర్మిట్ రాసిచ్చిన సేఫ్టీ ఆఫీసర్‌ను మీరెక్కడా చూసి ఉండరు. ఆ పని చేసింది నేనే. సంతకం కూడా అందంగా పెట్టాను. నా వీడ్కోలు సభలో మాట్లాడినవాళ్లు నేను సాధించినవాటి గురించి చాలానే చెప్పారు కానీ ఈ పర్మిట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకని నేనే ఎత్తుతున్నాను. కోకాపేట వైపు అద్దాల భవనాల్లో ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరుతున్న పిల్లలెవరైనా దీన్ని చదువుతుంటే, ఇది ముఖ్యంగా మీకోసం.

మాది అనంతపురం జిల్లా. ఇరవై ఆరేళ్లు అగ్నిమాపక శాఖలో పనిచేశాను. గడ్డివాములు, నూనె మిల్లులు, పత్తి గోదాములు, ఒకసారి పెళ్లికొడుకు ఇంకా కిందనే ఉన్న పెళ్లిపందిరి... ఆర్పని మంట లేదు. అక్కణ్ణుంచి బయటికి వచ్చాక కోకాపేటలో ఒక ఇరవై మూడంతస్తుల ఆఫీసు భవనానికి సేఫ్టీ ఆఫీసర్‌గా చేరాను. నార్సింగిలో ఇల్లు, పది నిమిషాల్లో ఆఫీసు. నీలం చొక్కా, మెడలో కార్డు, చేతిలో వాకీటాకీ. నేనున్న మొదటి ఆరేళ్లలో ఆ భవనంలో ఒక్క అగ్నిప్రమాదం కూడా జరగలేదు. నావల్లే జరగలేదని గట్టిగా నమ్మేవాణ్ణి. జరగనివాటి గురించి గొప్ప చెప్పుకోవడంలో ఒక సుఖముంది. ఎవరూ కాదనలేరు.

మూడు నెలలకోసారి డ్రిల్ పెట్టేవాణ్ణి. సైరన్ మోగగానే ఉద్యోగులంతా మెట్లు దిగి కింద ఖాళీ స్థలంలో చేరాలి. చేరేవారు. చేతిలో కాఫీ కప్పుతో, చంకలో తెరిచిన ల్యాప్‌టాప్‌తో, చెవిలో ఇంకా నడుస్తున్న మీటింగ్‌తో. "సార్, నిజంగా మంటలొచ్చే రోజు ముందుగా క్యాలెండర్ ఇన్వైట్ పంపండి" అని ఒకతను నాతో అన్నాడు. వాళ్లందరికీ నేను చెప్పే పాఠం ఒకటే: "పొగ కనిపిస్తే ఆగొద్దు. మనిషిని మంట కంటే ముందు పొగ చంపుతుంది." చెప్పగా చెప్పగా నాకు 'పొగ సార్' అని పేరు స్థిరపడింది. లిఫ్టులో నా వెనక నిలబడి మెల్లగా అనుకునేవారు. నాకు ఆ పేరు నచ్చింది కూడా.

ఆ పాఠం అబద్ధం కాదు, సగమే. పొగ లేకుండా కూడా మనిషిని చంపేది ఒకటుందని నాకు తెలియక కాదు. మూసిన గదిలో బొగ్గులు కాలితే రంగూ వాసనా లేని విషవాయువు పుడుతుందని, దాని పేరు కార్బన్ మోనాక్సైడ్ అని శిక్షణలో చదివాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. రాసినదాన్ని ఆ పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చాను.

ఇక్కడ ఇంకొకరి గురించి చెప్పాలి. మా భవనంలో కింది అంతస్తులో ఒక ప్రథమ చికిత్స గది ఉండేది. అందులో ఒక నర్సు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం వాళ్లది. పెద్దాసుపత్రుల్లో పదిహేనేళ్లు చేసి, మోకాళ్ల నొప్పులొచ్చి, కూర్చుని చేసే పని కావాలని ఒక ఏజెన్సీ ద్వారా ఇక్కడికి వచ్చారు. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి కావలసింది తలనొప్పి మాత్ర, మిగతా సగానికి కావలసింది అక్కడున్న మంచం. ఆవిడకు మాత్రం ఎవరొచ్చినా ప్రశ్నలడిగే అలవాటు. ఏం తిన్నారు, ఎక్కణ్ణుంచి వస్తున్నారు, పక్కవాళ్లకు కూడా ఉందా. అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. "సిస్టర్, ఒక్క మాత్రకు ఇంత ఎంక్వైరీనా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆక్సిజన్ సిలిండర్ ఒక్కటే ఉంది, రెండోది కావాలని ఆవిడ నాలుగు నెలలు నా వెంట పడ్డారు. ఏసీ గదుల్లో కూర్చుని పనిచేసేవాళ్లకు ఊపిరి ఆడకపోవడమేమిటని నాకు అనిపించేది. చివరికి ఆవిడ పోరు పడలేక సంతకం పెట్టాను. ఆ సంవత్సరం నేను పెట్టిన సంతకాల్లో పనికొచ్చింది అదొక్కటే.

ఇక అసలు రోజు. జూలైలో ఒక శుక్రవారం. పద్దెనిమిదో అంతస్తులో ఉన్న ఒక కంపెనీ వాళ్ల టీమ్ ఏదో పెద్ద ప్రాజెక్టు పూర్తి చేసింది. నలభై ఒక్క మంది. వాళ్లకు మధ్యాహ్నం డాబా మీద విందు. మామూలు విందు కాదు, మన కళ్లముందే బొగ్గుల మీద కబాబులు కాల్చి పెట్టే విందు. బయట డాబా మీద కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. నిప్పునార్పే సిలిండర్లు రెండు, ఇసుక బకెట్లు నాలుగు పెట్టించాను.

పదకొండు గంటలకు వాన మొదలైంది. గండిపేట వైపు నుంచి అడ్డంగా కొడుతూ వచ్చింది. పావుగంటలో ఆ కంపెనీ హెచ్ఆర్ అమ్మాయి, విందు ఏర్పాట్లన్నీ చూస్తున్నావిడ, నా గదికి పరుగెత్తుకొచ్చింది.

"సార్, ప్లీజ్ సార్. వెదర్ ఇలా అవుతుందని ఎవరికి తెలుసు? డాబా పక్కన హాల్ ఖాళీగానే ఉంది కదా. గ్రిల్ అక్కడికి షిఫ్ట్ చేసుకుంటాం. టీమ్ అంతా త్రీ వీక్స్ నుంచి వెయిట్ చేస్తున్నారు సార్."

"లోపల నిప్పు పెట్టడానికి వీల్లేదమ్మా."

"పొగ రాదంట సార్! గ్రిల్ ఆయన చెప్పాడు. స్మోక్‌లెస్ బొగ్గులంట."

పొగ రాదు అన్న మాట నా దగ్గర ఎంత బాగా పనిచేస్తుందో ఆ అమ్మాయికి ఎవరో చెప్పి ఉండాలి. చూసి చెబుతానని ఆమెతో పాటు పైకి వెళ్లాను.

డాబాకు ఒక పక్కన మూడు వైపులా అద్దాలున్న పెద్ద హాలు. దానికి ఆనుకుని సామాన్లు పెట్టుకునే చిన్న గది, కిటికీ కూడా లేదు. డాబా మీద రేకుల చూరు కింద కబాబుల ఆయన బొగ్గులు రాజేస్తున్నాడు. నలభై ఏళ్లుంటాయి. బోరబండలో రైల్వే స్టేషన్ దగ్గర బండి పెట్టుకుంటాడట. అందరూ ఉస్తాద్ అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను. రెండు అంగీఠీలు తెచ్చుకున్నాడు. ఇనుప కుంపట్లు, పొడవైనవి, మాంసం గుచ్చిన సీకులు వరసగా పేర్చడానికి వీలుగా.

"పొగ వస్తుందా ఉస్తాద్?"

"రాజుకునేదాంక జర వస్తది సార్. ఇగ ఎర్రగైనంక అస్సలు రాదు. తుమ్మ బొగ్గులు సార్, కిరాక్ బొగ్గులు. మీరే చూడుర్రి."

చూశాను. పావుగంటలో బొగ్గులన్నీ కణకణలాడుతూ ఎర్రబడ్డాయి. పైన గాలి వేడికి వణుకుతోంది తప్ప పొగ అన్నది లేదు. నేను సంతోషించాను.

లోపల నిప్పుతో పని ఏదైనా చేయాలంటే మా దగ్గర ఒక ఫారం ఉండేది. అందులో వెల్డింగ్, కటింగ్, గ్రైండింగ్ అని మూడు గళ్లు. ఏ గడిలో టిక్ పెట్టాలో తెలియక, వెల్డింగ్ పక్కన పెన్నుతో 'కబాబ్' అని రాశాను. కింద అడిగిన జాగ్రత్తలన్నీ ఒక్కొక్కటే పూర్తి చేశాను. మండే వస్తువులు దూరంగా జరిపించారా? జరిపించాను. అగ్గిరవ్వలు ఎగరకుండా చూశారా? చూశాను. హాల్లో గాలిని బయటికి తోసే ఫ్యాన్ ఒకటుంది. అది తిరుగుతుంటే బూడిద లేచి పైన కట్టిన కాగితపు తోరణాల మీద పడుతోంది. ఆపేయించాను. డాబా తలుపు తెరిస్తే వానగాలికి నిప్పులు ఎగురుతున్నాయి. మూయించాను. రెండో అంగీఠీ జనం మధ్యలో ఉంటే ఎవరి చున్నీకో అంటుకుంటుందని, "దాన్నీ, నువ్వు మాంసం గుచ్చుకునేదీ అంతా ఆ చిన్న గదిలో పెట్టుకో, తలుపు దగ్గరికి వేసుకో" అని ఉస్తాద్‌కు చెప్పాను.

మంట అంటుకోకుండా నేను చేసిన ఒక్కొక్క ఏర్పాటూ గాలి ఆడకుండా చేసింది. ఇరవై ఆరేళ్ల అనుభవం లేనివాడైతే ఇంత పకడ్బందీగా చేసి ఉండేవాడు కాదు.

పైకప్పులో పొగను పసిగట్టే యంత్రాలు ఆరున్నాయి. వాటి పచ్చ దీపాలు ప్రశాంతంగా మెరుస్తున్నాయి. ఒక సీకు తిన్నాను. బాగుంది. రెండోది కూడా తిన్నాను. హెచ్ఆర్ అమ్మాయి మైకు పట్టుకుని, "మన పొగ సార్‌కి బిగ్ థ్యాంక్స్!" అంటే అందరూ చప్పట్లు కొట్టారు. చేయి ఊపి కిందికి వచ్చేశాను. అప్పటికి పన్నెండున్నర.

తర్వాత పైన ఏం జరిగిందో అక్కడున్నవాళ్లు చెబితే విన్నాను. ఒంటిగంట దాటేసరికి ఒకరిద్దరికి తలనొప్పి మొదలైందట. ఉదయం నుంచీ మీటింగులే కదా అనుకున్నారు. ఒకమ్మాయికి కడుపులో తిప్పింది. మాంసం ఎక్కువ తిన్నావని ఏడిపించారు. ఇద్దరు కుర్రాళ్లు బీన్ బ్యాగుల్లో పడి కునుకు తీస్తుంటే ఫోటోలు తీసి, "ప్రాజెక్ట్ ఎఫెక్ట్" అని గ్రూపులో పెట్టారు. ఆ ఫోటోలు నేను తర్వాత చూశాను. నవ్వుతున్నవాళ్లు కూడా గోడకు ఆనుకుని ఉన్నారు.

ఒకటీ నలభైకి నా ఫోన్ మోగింది. కింది నుంచి నర్సు.

"సార్, మీరొకసారి మా గదికి రండి."

"ఏం సిస్టర్, మంచం సరిపోవడం లేదా?"

"సరిపోవడం లేదండీ. త్వరగా రండి."

వెళ్లేసరికి మంచం మీద ఒక అమ్మాయి కళ్లు మూసుకుని పడుకుని ఉంది. అయిదో నెల గర్భిణి. కుర్చీల్లో ఇద్దరు కుర్రాళ్లు, తల పట్టుకుని. నర్సు ఆ అమ్మాయి వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటర్‌ను నాకు చూపించారు. తొంభై తొమ్మిది.

"బ్రహ్మాండంగా ఉంది కదా సిస్టర్" అన్నాను.

"అదేనండీ నాకు నచ్చనిది. మనిషిని చూస్తే అలా లేదు. ముగ్గురికీ ఒకేసారి, ఒకేలాంటి తలనొప్పి. ముగ్గురూ పై హాలు నుంచే వచ్చారు. పైన ఏం జరుగుతోందండీ?"

"విందు. కబాబులు."

"గ్యాస్ మీదా?"

"బొగ్గుల మీద. నేను చూసే వచ్చాను. రవ్వంత పొగ లేదు."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు. అర్థం కానివాణ్ణి చూసినట్టు చూశారు.

"తలుపులు తెరిచే ఉన్నాయా?"

నా చూపు మళ్లీ మీటర్ మీది తొంభై తొమ్మిది దగ్గరికి వెళ్లింది.

"నేను ఆసుపత్రిలో ఉండగా ఒక కుటుంబం వచ్చిందండీ. చలికని కుంపటి పక్కన పెట్టుకుని పడుకున్నారు. వాళ్ల వేళ్లకు ఈ మీటర్ పెడితే ఇలాగే నూటికి దగ్గర చూపించింది. ఆ గాలి రక్తంలో చేరితే దీనికి తేడా తెలియదండీ, అది కూడా ఆక్సిజనే అనుకుంటుంది. నలుగురిలో ఇద్దరే ఇంటికెళ్లారు. పదండి సార్."

పరీక్ష హాల్లో వదిలేసినది అప్పుడు గుర్తొచ్చింది. ఏ పేజీలో ఉందో కూడా గుర్తొచ్చింది.

ఆవిడ ఒక సిలిండర్ తెరిచి గర్భిణి ముఖానికి మాస్కు పెట్టి, పక్కన శుభ్రం చేసే ఆవిణ్ణి కూర్చోబెట్టారు. కుర్రాళ్లిద్దరినీ వరండాలో గాలికి పంపారు. రెండో సిలిండర్‌ను చక్రాల బండి మీద తోసుకుంటూ లిఫ్టులోకి వచ్చారు. నేను అంబులెన్సులకు ఫోన్ చేసి, వాకీటాకీలో పైనున్న సెక్యూరిటీ గార్డును పిలిచాను.

"డాబా తలుపులన్నీ తెరువు. ఇప్పుడే."

"సార్, వాన దంచి కొడ్తున్నది. కార్పెట్ ఖరాబైతది. మేడమ్ వాళ్లు నన్ను తిడ్తరు."

"తెరువు!"

ఆ తర్వాత నా చేయి సైరన్ మోగించమని చెప్పడానికి మళ్లీ వాకీటాకీ మీదికి వెళ్లింది. ఎందుకంటే నాకు తెలిసింది అదే. సైరన్, మెట్లు, కింద ఖాళీ స్థలం. నర్సు నా చేయి పట్టుకుని ఆపారు.

"ఇరవై మూడంతస్తులు మెట్లు దిగమంటారా? సగం మంది దారిలోనే పడిపోతారండీ. ముందు పక్కనే ఉన్న గాలిలోకి తీసుకురండి. తడిస్తే తడుస్తారు."

నలభై మంది ఐటీ ఉద్యోగులను వానలోకి నడిపించడం ఎంత కష్టమో మీకు చెప్పలేను. నిప్పంటే లేస్తారు. పొగంటే పరుగెత్తుతారు. కనిపించనిదాని కోసం లేవమంటే, "ఏమైంది సార్? డ్రిల్లా?" అన్నారు. హెచ్ఆర్ అమ్మాయి, "సార్, స్మోక్ అలారమే మోగలేదు కదా!" అంది. నేను ఆరేళ్లుగా నేర్పిన పాఠం నాకే అప్పజెప్పింది. మాటలతో పని కాలేదు. భుజాలు పట్టుకుని తోశాను. బీన్ బ్యాగుల్లో ఉన్న ఇద్దరినీ గార్డూ నేనూ మోసుకొచ్చాం. అందరూ డాబా మీద వానలో నిలబడ్డారు, కొందరు కూర్చున్నారు, ఒకరిద్దరు వాంతి చేసుకున్నారు. చల్లటి గాలి తగిలాక కానీ వాళ్లకు తమకేదో అయిందని తెలియలేదు.

లెక్క తీశాను. నా దగ్గర జాబితా ఉంది. పైన ముప్పై ఎనిమిది, కింద ముగ్గురు. నలభై ఒకటికి నలభై ఒకటి. అంత భయంలోనూ కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఏ డ్రిల్‌లోనూ నా లెక్క ఇంత కచ్చితంగా సరిపోలేదు.

నర్సు ఒక్కొక్కరి నాడి చూసుకుంటూ వస్తూ తలెత్తి అడిగారు. "కబాబులు కాల్చే ఆయన ఏడండీ?"

ఆయన నా జాబితాలో లేడు. ఉద్యోగి కాదు కదా. కింద గేటు దగ్గర ఇచ్చిన సందర్శకుల పాసు మీద వచ్చాడు.

హాల్లోకి పరుగెత్తాను. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి కాబట్టి అక్కడ గాలి ఆడుతోంది. చిన్న గది తలుపు మాత్రం దగ్గరికి వేసి ఉంది, నేను చెప్పినట్టే. గట్టిగా ఊపిరి బిగబట్టి తోశాను. ఉస్తాద్ నూనె డబ్బా మీద కూర్చుని గోడకు జారగిలబడి ఉన్నాడు. ఒడిలో మాంసం గుచ్చిన సీకు. కాళ్ల దగ్గర అంగీఠీలో బొగ్గులు ఎర్రగా, అందంగా, రవ్వంత పొగ లేకుండా కాలుతున్నాయి. చంకల కింద చేతులు వేసి లాగాను. మంటల్లోంచి మనుషుల్ని లాగాను కానీ ఏ మంటా లేని గదిలోంచి లాగడం అదే మొదటిసారి. సగం దూరంలో ఊపిరి బిగబట్టడం నావల్ల కాలేదు. కళ్లు తిరిగాయి. గార్డు వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి వానలోకి తెచ్చి పడుకోబెట్టాం.

పిలిస్తే పలకలేదు. నర్సు నేల మీద మోకాళ్లపై కూర్చున్నారు, ఏ మోకాళ్ల కోసమైతే కూర్చుని చేసే పని వెతుక్కున్నారో ఆ మోకాళ్ల మీదే. మాస్కు పెట్టి, గొడుగు కూడా లేకుండా అంబులెన్సు వచ్చేదాకా అలాగే ఉన్నారు. మధ్యలో ఒకసారి పైకి చూసి, "శ్వాస ఉందండీ" అన్నారు. నా ఉద్యోగంలో నేను విన్న మంచి మాట అదే.

సాయంత్రానికి చాలామందిని ఇంటికి పంపేశారు. గర్భిణిని రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఆక్సిజన్ పెట్టారు. తర్వాత ఆమెకు పాప పుట్టింది, బాగుంది. ఆ కబురు తెలిసేదాకా నాలుగు నెలలు నేను రోజూ ఆమె అంతస్తు దాటేటప్పుడు లిఫ్టులో నేల చూపులు చూశాను. ఉస్తాద్‌కు మర్నాడు ఉదయం తెలివి వచ్చింది. గండం గడిచింది కానీ ఈ విషం కొందరిలో కొన్ని వారాల తర్వాత కూడా మతిమరుపు, చేతి వణుకు తెస్తుందని డాక్టరు చెప్పాడు.

ఇక మా భవనంలో విచారణ. పదిహేను రోజుల్లో నివేదిక వచ్చింది. 'గాలి వెలుతురు తగినంత లేకపోవడం వల్ల కొందరికి అస్వస్థత కలిగింది. సేఫ్టీ ఆఫీసర్ సకాలంలో స్పందించి అందరినీ సురక్షితంగా బయటికి తరలించారు.' బొగ్గులు అన్న మాట ఎక్కడా లేదు. నర్సు పేరూ లేదు, ఆవిడ ఏజెన్సీ మనిషి కాబట్టి. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఎక్కడిచ్చారనుకున్నారు? అదే హాల్లో. కొత్త కార్పెట్ మీద నిలబెట్టి, శాలువా కప్పి. నేను తీసుకున్నాను. ఫోటోలో నవ్వాను కూడా.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ ప్రథమ చికిత్స గది ముందు నుంచి నడిచాను. ఆవిడ లోపలి నుంచే, "అభినందనలండీ" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నారు. అదే భరించలేకపోయాను. లోపలికి వెళ్లి కూర్చున్నాను.

"సిస్టర్, ఆ రోజు ఫ్యాన్ ఆపించింది నేను. తలుపులు మూయించింది నేను. ఆయన్ని ఆ గదిలోకి పంపిందీ నేనే."

"తెలుసండీ" అన్నారు. "గార్డు చెప్పాడు."

"మరి మీరెందుకు ఎవరితోనూ అనలేదు?"

"నన్నెవరూ అడగలేదండీ. మీరు చెబుతారేమోనని చూస్తున్నాను."

మర్నాడు పర్మిట్ కోసం ఫైల్ తీశాను. అందులో లేదు. ఎవరో జాగ్రత్తగా తీసేశారు. నన్ను కాపాడటానికో, వాళ్లను వాళ్లు కాపాడుకోవడానికో. నా పర్మిట్ పుస్తకంలో మాత్రం నకలు మిగిలింది. దాన్ని కూడా కార్బన్ కాపీ అనే అంటారు. వెల్డింగ్ పక్కన నా దస్తూరీలో కబాబ్. దానికి నాలుగు పేజీల ఉత్తరం జతచేసి, జరిగింది జరిగినట్టు రాసి పంపాను. పై అధికారి ఫోన్ చేసి ఎంతో ఆప్యాయంగా అడిగాడు. "ఏమైంది సార్, ఒంట్లో బాగుందా? ఎవరూ అడగలేదు కదా, ఇదంతా ఎందుకు?"

వారం తర్వాత ఒక సర్క్యులర్ వచ్చింది. డాబా మీద, హాల్లో ఇకపై మాంసాహారం నిషేధం. అంతే. దాని ప్రకారం లోపల తలుపులు మూసుకుని బొగ్గుల మీద పనీర్ కాల్చుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్ని మార్పించడానికి నాకు అయిదు నెలలు పట్టింది. ఈసారి నర్సు వెంటపడినట్టు నేను వెంటపడ్డాను. చివరికి బొగ్గులు, కుంపట్లు ఏ మూసిన చోటా వద్దని రాశారు. ఆ విషవాయువును పట్టే యంత్రాలు కూడా రెండు పెట్టారు.

ఇవన్నీ జరుగుతున్నా ఒక పని మాత్రం వాయిదా వేస్తూనే ఉన్నాను. ఆ విందు జరిగిన రెండు నెలలకు ఒక ఆదివారం ధైర్యం చేసుకుని బోరబండ వెళ్లాను. స్టేషన్ పక్క సందులో రెండు గదుల ఇల్లు. ఉస్తాద్ బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య వాకిట్లో పెద్ద గిన్నెలో మసాలా కలుపుతోంది. నన్ను చూడగానే ఆయన లేవబోయాడు.

"కూర్చో ఉస్తాద్. ఎట్లా ఉంది?"

"మంచిగనే ఉన్న సార్. జర చెయ్యి వణుకుతది. ఉప్పేసిన్నా లేదా యాదికుంట లేదు. ఇగ మా ఆమెనే కలుపుతది, నేను కాలుస్త అంతే. బండి నడుస్తున్నది, ఫికర్ లేదు."

దారిలో అనుకున్న మాటలన్నీ మర్చిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ చిన్న గదిలోకి పంపింది నేనని, తలుపు వేసుకోమన్నది నేనని, తప్పు నాదని. ఆయన భార్య చేయి గిన్నెలోనే ఆగిపోయింది. తర్వాత ఉస్తాద్ గొంతు తగ్గించి అన్నాడు.

"ఒక్క మాట చెప్త సార్, ఏమనుకోకుర్రి. బొగ్గుల గాలి మంచిది కాదని నాకు ఎరికే. మా అమ్మ చలికాలంల గూడ అంగీఠీ ఇంట్లకు తేనిచ్చేది కాదు. లోపల పెట్టి తలుపేస్తె పొద్దుగాల లేవరు అనేది."

"మరి ఆ రోజు నాకెందుకు చెప్పలేదు ఉస్తాద్?"

"మీరు ఫైర్ సార్ అని మేడమ్ చెప్పింది. కాయిదం మీద రాసిన్రు. గంత పెద్ద బిల్డింగు, పైన గన్ని మిషన్లు పెట్టిన్రు. గాలి ఎట్ల పోతదో గీ సార్‌కు తెల్వదా, నాకొక్కనికే తెల్సా అనుకున్న."

"అడగొచ్చు కదయ్యా" అన్నది ఆయన భార్య. ఆయనతోనే అన్నది కానీ నా వైపు చూస్తూ అన్నది.

"అడుగుదామనే నోటిదాంక వచ్చింది" అన్నాడు ఆయన. "అడిగితే సార్ నవ్వుతడేమో అనిపించింది."

టీ తాగి, సెలవు తీసుకుని వచ్చేశాను. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. కబాబులు కాల్చుకునే మనిషి అంతమందిలో నా దగ్గరికి వచ్చి, సార్, లోపల పెడితే ప్రమాదం కదా అని అడిగి ఉంటే నేను నిజంగా నవ్వేవాణ్ణా అని ఎన్నోసార్లు ఆలోచించాను. నవ్వేవాణ్ణి.